గడపలో గాటు

నంద్యాల నుంచి ఆళ్లగడ్డ వెళ్లే బస్సులో నేనొక దెయ్యాల ఇంటి నవల చదువుతున్నాను. భర్త హత్యకు గురైన ఇంట్లోనే మళ్లీ బతుకు మొదలుపెట్టాలనుకునే ఆడమనిషి కథ అది. పక్క సీటులోని పెద్దావిడ ఆ కథ నాతో చెప్పించుకుంది.

"మా ఇంట్లో గూడా దెయ్యముందంటారు పాపా. నేను తప్ప లోపలికి ఎవురూ రారు."

"మీరు చూశారా పెద్దమ్మా?"

ఆమె ఒళ్లోని గోనెసంచి విప్పింది. అందులో రంపంతో కోసిన పాత గడప ముక్క ఉంది. పసుపు పూతల కింద, కొయ్యలో లోతైన గాటు.

"ఇదే ఆ దెయ్యం. మా ఆయప్ప, నా మొగుడు, ఇంట్లోకి పరిగెత్తి వస్తాంటే గడప మీదనే నరికినారు. మెడ తెగి కొడవలి కొయ్యలో దిగింది. దాన్ని ఊడబెరకను ఇద్దురు పట్టినారు. నేను లోపల నిలబడి చూసినా. శుక్రవారం పసుపు పూసినప్పుడల్లా వేలు దీంట్లోకే పోతాది. పెట్టి చూడు."

పెట్టాను. ఒక కణుపు దాకా దిగింది.

"నీ పుస్తకంలో ఆయమ్మ ఇల్లిడిసి పోతాదా?"

"ఇంకా అక్కడిదాకా చదవలేదు."

"యాడికి పోతాది? పోదు."

ఆళ్లగడ్డ రాగానే ఆమె సంచి ఎత్తుకుని లేచింది.

"రాతి గడప చెక్కించను పోతాండా. కొలతకని ఈ ముక్క తెచ్చినా. ఆ నరికినోళ్లు మళ్లా వస్తే ఈసారి కొడవలే ఇరగాల."

ఆ నవల నేను పూర్తి చేయలేదు. ఆ రోజు ఆపిన పేజీ మీద నా వేలి పసుపు ఇప్పటికీ ఉంది.