మంచులో చిక్కిన ఓడను అవ్వకు చదివిన రోజులు

నేను ఏడో తరగతిలో ఉన్నప్పుడు... మా కేసముద్రంలో బడికి తాళం పడి నెల కావస్తోంది. తెలంగాణ కోసం సమ్మె. బస్సుల్లేవు, రైళ్లు వస్తాయన్న నమ్మకం లేదు... జనం పట్టాల మీదే వంటలు చేసుకుని తింటున్నారు.

అమ్మ కాన్పుకని మానుకోట దవాఖానలో ఉంది. చెల్లి నెలలు నిండకముందే పుట్టింది. బరువు తక్కువని అద్దాల పెట్టెలో పెట్టారట. బాపు రెండ్రోజులకోసారి సైకిల్ మీద వచ్చి, కబురు చెప్పి, సద్ది కట్టించుకుని వెళ్లేవాడు. ఇంట్లో నేనూ, బాపు వాళ్లమ్మ... మా అవ్వ.

బిక్కమొహం వేసుకుని తిరుగుతున్నానని పక్కింటి శోభక్క ఒక నవల ఇచ్చింది. తెలుగు అనువాదం, దిండంత లావు. ఎప్పటి కాలమో... ధ్రువం వైపు వెళ్లిన ఓడ మంచులో ఇరుక్కుపోతుంది. మంచు కింద నుంచి ఎవరో తలుపు కొట్టినట్టు చప్పుడు. అది విన్నవాళ్లు ఒక్కొక్కరే మాయం!

పది పేజీలకే నాకు పట్టపగలు పెరట్లోకి వెళ్లాలన్నా వణుకు. అందుకే అవ్వ పక్కన చేరి పైకి చదవడం మొదలుపెట్టాను. అవ్వ చాటలో పెసర్లు ఏరుకుంటూ వినేది.

చప్పుడు వచ్చినప్పుడల్లా నేను గొంతు మార్చి భయపెట్టబోయేదాన్ని.

"గది ఉండనియ్ తియ్. వాళ్లకు తిండి ఎన్నొద్దులకు ఉన్నదే?" అనేది అవ్వ.

ఆ ఓడలో ఒక ముసలి వంటవాడు. తన వంతు రొట్టె జబ్బుపడ్డవాళ్లకు పెట్టేస్తాడు. అవ్వకు అతనంటే ప్రాణం. రోజూ పుస్తకం తెరవగానే, "ఇయ్యాల వంటాయన మంచిగున్నడా?"

ఒకరోజు బాపు వచ్చాడు. కంచం ముందు కూర్చుని ముద్ద ఎత్తలేదు. "పాలు తాగుతలేదే అవ్వా..." అని మాత్రం అని, సైకిలెక్కాడు.

ఆ మధ్యాహ్నం చదివే పేజీలో... వంటవాడు చప్పుడు వెంట ఒంటరిగా నడిచి, మంచులో కూర్చుండిపోతాడు. మళ్లీ లేవడు.

అవ్వ వైపు చూశాను. చాట మీద చెయ్యి కదలడం లేదు.

"అంతలో దూరాన ఇంకో ఓడ కనిపించింది," అని చదివాను. "అందులోవాళ్లు కంబళ్లు తెచ్చారు, వేడి గంజి పోశారు. వంటాయన కళ్లు తెరిచాడు..."

అవ్వ చాట పక్కన పెట్టింది.

"పుస్తకం దిక్కు చూడకుంటనే చదివినవ్ గదనే బిడ్డా..."

నాకు ఏడుపు ఆగలేదు. దగ్గరికి లాక్కుని కొంగుతో నా ముఖం తుడిచింది. ఆమె కళ్లూ తడిగానే ఉన్నాయి. అవ్వకు కూడా భయమేస్తుందని నాకు అప్పుడే తెలిసింది.

"మంచిగ చదివినవ్. రేపు గూడ గిట్లనే చదువు."

అలాగే చదివాను. రోజుకొకరిని ఒడ్డుకు చేర్చాను. అందరూ చేరాక, ఒక పొద్దున తెలిసినవాళ్ల ట్రాక్టర్‌లో గడ్డి మీద కూర్చుని అమ్మ వచ్చింది. చేతుల్లో పాత చీర మూట... అందులో చెల్లి. అవ్వ అందుకోగానే అది కెవ్వుమని ఏడ్చింది. మేమందరం నవ్వాం.

అవ్వ ఇప్పుడు లేదు. పుస్తకాలన్నీ నా ఫోన్‌లోనే ఉన్నాయి... పెదవి కదపకుండా ఎన్నో చదివేస్తున్నాను. కానీ ఒక మనిషి కోసం కథనే మార్చేసేంత దగ్గరగా కూర్చుని చదవడం... అది మళ్లీ కుదరలేదు.

మీరు ఎవరికి చదివి వినిపించేవారు? వాళ్ల గురించి కాస్త చెప్పరూ...