దగ్గర్లో బోటు లేని పందెం

మా ఆవిడ ప్యాడిల్ బోర్డు మీద నిలబడి తెడ్డు వేస్తూ సముద్రపు పందేలకు వెళ్తుంది. గాలి వెనక నుంచి తోస్తుంది కాబట్టి బయలుదేరిన చోటికి తిరిగి రావడం ఉండదు. కారు తీసుకుని పందెం ముగిసే ఒడ్డున కాచుకునే పని నాది.

ఈసారి రెండు పందేలున్నాయి. ఒకటి ఇక్కడే, మేముండే గల్ఫ్ తీరం వెంబడి, ఇంకొకటి వేరే దేశంలో దీవి నుంచి దీవికి. దేనికి పేరివ్వాలో తేలక ఇంట్లో రోజూ అదే చర్చ.

ఈ రోజు సాధనకని ఉమ్ముల్ ఖువైన్ వెళ్లాం. నేను తను చేరాల్సిన ఒడ్డున కూర్చుని, ఫోన్‌లో తను ఎక్కడుందో చూపించే చుక్కనే చూస్తున్నాను. సగం దూరంలో చుక్క ఆగిపోయింది. ఫోన్ చేస్తే తీయలేదు. కోస్ట్‌గార్డ్ నంబరు వెతుకుతుండగా మళ్లీ కదిలింది.

ఒడ్డుకు రాగానే అడిగాను. "పడిపోయావా?"

"లేదండీ. బోర్డు మీద కూర్చున్నా."

"మరి ఫోన్?"

"మోగింది, చూశాను. ఎవరూ పిలవని చోట కాసేపు ఉందామనిపించింది."

బోర్డును కారు మీద కట్టి బయలుదేరాం. దారిలో తనే అంది, "ఆ దీవుల పందేనికే పేరిస్తానండీ. అందులో చాలా దూరం వరకూ దగ్గర్లో సాయానికి బోటే ఉండదట."

సరిగ్గా ఆ కారణం చెప్పే ఆ పందెం వద్దందామని నేననుకుంటున్నాను.

ఇంట్లో ఆవిడను రోజుకెన్నిసార్లు పిలుస్తారో మీలో ఎవరైనా గమనించారా? ఈ పోస్టు మొదలుపెట్టాక కూడా టీ కోసం నేనొకసారి పిలిచాను.