పెద్ద, చిన్న తీసేసిన లైను

మా విత్తనాల ఆఫీసులో అందరూ ఎక్సెల్ అంటే నేను లిస్ప్ అనేదాన్ని. ఎటు చూసినా బ్రాకెట్లే కనిపించే ఆ ప్రోగ్రామింగ్ భాష మా కళ్యాణదుర్గంలో నాకు తప్ప ఎవరికీ అక్కర్లేదు. ఫైళ్ల పేర్లు మార్చాలన్నా, జాబితాలు సర్దాలన్నా అందులోనే రాసేదాన్ని. ‘ఈ పిల్లకు పొగరు’ అనేవాడు మేనేజరు. పొగరే మరి, దాచడమెందుకు!

ఆ ఏడు విత్తన వేరుశనగ ఇచ్చే జాబితాలో కొందరు రైతులు రెండేసి సార్లు ఉన్నారని గోల. నేను ఒక్క లైను రాశాను. పేరుకు ముందున్న ‘పెద్ద’, ‘చిన్న’ లాంటివి తీసేసి, పేరూ తండ్రి పేరూ ఊరూ కలిస్తే ఒకరినే ఉంచమన్నాను. క్షణంలో జాబితా శుభ్రమైంది. నా అంత తెలివైనది లేదనుకున్నాను.

పంపిణీకి ముందురోజే వాన పడింది. రెండు రోజుల్లో విత్తకపోతే నేల పదును ఆరిపోతుంది. విత్తనాల లారీ సాయంత్రం ఐదుకు వెళ్లిపోతుంది. పంపిణీ రోజు నాలుగున్నరకు ఒక ముసలాయన నా గదిలోకి వచ్చాడు.

“ఏమమ్మా, నా పేరు యాడ పోయినాది?”

స్క్రీన్ చూశాను. “పొద్దున్నే సంచులు తీసుకుని మళ్లీ వచ్చినావా? సిగ్గులేదా?” అని కసిరాను.

“నేను తీసుకోలేదు తల్లీ. తీసుకునింది మాయన్న. ఆయన పెద్ద, నేను చిన్న. ఇద్దరికీ ఇంటిదేవుని పేరే పెట్టినారు.”

అన్నదమ్ములకు ఒకే పేరు పెట్టి పెద్ద, నడిపి, చిన్న అని పిలవడం ఈ సీమలో పుట్టినదాన్ని, నాకు తెలియదా? ఛీ, నా తెలివి తగలెయ్య!

ఆ లైనులో ‘పెద్ద’, ‘చిన్న’ తీసేసే ముక్కను కొట్టేసి మళ్లీ నడిపాను. కంగారులో రెండుసార్లు బ్రాకెట్ తప్పింది. మూడోసారికి పదకొండు మంది తమ్ముళ్లు బయటపడ్డారు. ముసలాయనకు చీటీ రాసిచ్చి లారీ దగ్గరికి పంపాను. మిగతావాళ్లకు ఫోన్ చేద్దామని పేర్లు చదువుతుంటే, నాలుగో పేరు మా నాయనది. ఆయన్నూ ఊరంతా చిన్నోడనే పిలుస్తుంది. ముందు ఆయనకే ఫోన్ చేశాను.

“నాయనా, విత్తనాలకు రాలేదా?”

“పొద్దున్నే వచ్చినా. పేరు లేదన్నారు.”

“నేను లోపలే ఉన్నా కదా, అడగొచ్చు కదా!”

“జాబితా నువ్వే చేసినావంట కదమ్మా. నలుగురిలో నేనడిగితే నీకు మాట వస్తాదని వచ్చేస్తి.”

బయట లారీ స్టార్టయింది. ఫోన్ అక్కడే పడేసి పరుగెత్తాను.

“ఆపన్నా! ఇంకా పదిమంది ఉండారు!”