బ్లాగోయా అన్నయ్య ఆగిన సాయంత్రం

మా వీధిలో బ్లాగోయా అన్నయ్యకు ఆగడం తెలియదు. పొయ్యి మీద చిక్కుడు గింజలు ఉడికేలోగా పదిసార్లు మూత తీస్తాడు. రాకియా సారా బట్టీలోంచి వేడిగా కారుతుంటేనే గరిటె పట్టి నాలుక కాల్చుకుంటాడు. బితోలాలో ఆయన బస్సు నడిపినన్నాళ్లూ, టైముకు వచ్చినవాళ్లకు ఆ బస్సు వెనక భాగమే కనిపించేదట.

మా ఆయన రిస్టే ఆగస్టులో పోయాడు. "వేసవిలో కారు రేడియేటర్‌కు ఊటనీళ్లే చాలు, చలికాలానికి గడ్డకట్టని కూలెంట్ పోద్దాం" అనేవాడు. చలికాలం వచ్చింది, పోసే మనిషి లేడు. శనివారం పెద్దల దినం. ఉడికించిన గోధుమలు తీసుకుని, కొండ మీది సమాధి దగ్గరికి ఆయన కారులోనే వెళ్లాలని నా కోరిక. శుక్రవారం రాత్రే గడ్డకట్టే చలి అని ఆ పొద్దున రేడియో చెప్పింది. లోపల నీళ్లు గడ్డకడితే ఇంజిన్ పగులుతుంది. ఆ కారులోనే బజారుకు వెళ్లి కూలెంట్ కొనుక్కుని, నేరుగా అన్నయ్య వాకిట్లో ఆపాను.

ఆయన బానెట్ ఎత్తి, చెయ్యి దగ్గర పెట్టి చూసి, ముక్కాలి పీట లాక్కుని కూర్చున్నాడు.

"వేడిగా ఉంది. ఆగాలి."

తీగ మీద ఆరిన బట్టలు తీస్తున్న లెంచే వదిన చేతిలోంచి చొక్కా జారింది. "ఏమన్నావ్? ఇంకోసారి అను!"

"ఆగాలన్నాను."

"నా పురిటికి కూడా ఆస్పత్రిలో ఆగలేదు! ఈ ఇనప డొక్కు కోసం ఆగుతావా?"

"నీ మూత తీస్తే దీనిలా ఆవిరి మొహాన కొట్టదు కదే." ఆయన చొక్కా చేతులు మడిచాడు. మోచేతి దాకా కాలిన మచ్చ. బస్సు రేడియేటర్ మూతను వేడి మీదే తిప్పినందుకు మిగిలింది.

"కొట్టదా? ఏదీ, తీసి చూడు," అంది వదిన.

పొద్దు పెలిస్టేర్ కొండ వెనక్కి వాలుతోంది. "ఇంకా చల్లారలేదా అన్నయ్యా?" అన్నాను.

"నా జబ్బు నీకంటుకుందా చెల్లెమ్మా? కాఫీ తాగు."

చల్లారాక మూత మీద గుడ్డ వేసి మెల్లగా తిప్పాడు. అడుగున మర వదులు చేశాడు. తుప్పురంగు నీళ్లు బేసిన్‌లోకి కారాయి. రిస్టే పోసిన నీళ్లు. నేను వాటినే చూస్తూ ఉండిపోయాను.

"మొండివాడు," అన్నాడు అన్నయ్య నెమ్మదిగా. "ఊట నుంచి తనే మోసుకొచ్చేవాడు. కాలవలో పారబొయ్యకు, పాత కూలెంట్ కలిసుంటుంది. డబ్బాలో పోసి మూత పెట్టి గ్యారేజీకిద్దాం."

రేడియేటర్‌ను మంచినీళ్లతో తేటపడేదాకా కడిగి, మర బిగించి, కూలెంట్‌లో బ్యాటరీకి పోసే శుద్ధమైన నీళ్లు సగానికి సగం కలిపి పోశాడు. నాలుగు చుక్కలు నేల మీద పడ్డాయో లేదో, పిల్లి వచ్చింది. ఆయన దాన్ని మెడ పట్టి ఎత్తి వదినకు అందించాడు. "తియ్యగా ఉంటుంది, నాకితే చస్తుంది." నేలంతా తుడిచి, ఆ గుడ్డ కూడా సంచిలో కట్టేశాడు. హీటర్ పూర్తిగా తిప్పి ఇంజిన్ నడిపించి, బుడగలు ఆగేదాకా దూరంగా కూర్చుని చూశాడు. తగ్గినంత పోసి మూత బిగించాడు.

శనివారం పొద్దున అద్దాల నిండా మంచు. ఇంజిన్ ఒక్క తిప్పుకే అందుకుంది. నేను ఆ మంచు గీకి వచ్చేసరికి అన్నయ్య పక్క సీట్లో కూర్చుని, ఒడిలో గోధుమల గిన్నె, ఒక చెంచా అప్పుడే మాయం, చెయ్యి చాపి హారన్ కొడుతున్నాడు.

"ఎక్కు చెల్లెమ్మా, రిస్టే ఎదురుచూస్తుంటాడు!"

"ఆయనకేం తొందర లేదులే," అంది వెనక నుంచి వదిన. "మన వీధిలో ఓపికున్న మగాడు ఆయనొక్కడే."

కూర్చుని హీటర్ తిప్పాను. వెచ్చటి గాలితో పాటు రిస్టే పొగాకు వాసన వచ్చింది. గేరు మీద నా చెయ్యి అలాగే ఉండిపోయింది.

అన్నయ్య హారన్ మీంచి చెయ్యి తీశాడు. ఆగాడు.