ఎత్తుకోని అమ్మమ్మ

కుర్చీలు, బల్లలు, పెద్ద పెద్ద వంటపాత్రలు అద్దెకిచ్చే దుకాణంలో ఆమెని అందరూ క్రేనమ్మ అనేవారు. ఆ పేరు పెట్టింది దుకాణం యజమానే. ఇద్దరు మగాళ్లు "నువ్వు పట్టుకో అంటే నువ్వు పట్టుకో" అని వాదులాడుకుంటున్న గంగాళాన్ని ఆమె ఒక్కతే వచ్చి నడుముకి ఆనించుకుని వ్యానెక్కించేస్తే, పాపం ఆయన మాత్రం ఇంకేమని పిలుస్తాడు? ఇంటికొచ్చినా ఆ చేతులు ఊరుకునేవి కావు. పక్కింటివాళ్ల గ్యాస్ బండ, పై వాటా ముసలాయన నీళ్ల డబ్బా, ఒకసారి నడుం పట్టేసిన మొగుణ్ని కూడా ఆమే మోసింది.

అలాంటి మనిషి మనవరాలిని ఎత్తుకోవడం లేదు.

కొన్నాళ్లుండి పోదామని కూతురు చంటిదాన్ని తీసుకుని వచ్చింది. పిల్ల బొద్దుగా ఉంటుంది, అప్పుడప్పుడే పాకుతోంది. అమ్మమ్మ కనబడితే చాలు, రెండు చేతులూ చాచి "ఊఁ ఊఁ" అంటుంది. అమ్మమ్మ దాని బుగ్గ పుణికి, "పాలు పొంగిపోతున్నాయే తల్లీ" అంటూ వంటింట్లోకి తప్పుకుంటుంది. స్టవ్ మీద పాలుండవు. కూతురు ఆ సంగతి కనిపెట్టింది.

క్రేనమ్మ బాధ క్రేనమ్మది. కొంతకాలంగా సాయంత్రమయ్యేసరికి కింద బరువుగా, ఏదో జారి బయటికొచ్చేస్తున్నట్టు ఉంటోంది. తుమ్మితే బట్టలు తడుస్తున్నాయి. ఒకనాడు స్నానం చేస్తుంటే మెత్తటి ఉండ ఒకటి చేతికి తగిలింది. ఎంత బరువుకీ బెదరని మనిషి ఆ రోజు బెదిరిపోయింది. మొగుడితో చెబితే కంగారుపడి వీధంతా చాటేస్తాడు. కూతురితో చెబుదామంటే సిగ్గు. నడుం నొప్పని చెప్పి దుకాణంలో బరువులు తోటివాళ్లకి వదిలేసింది. ఇంట్లో మాత్రం నోరు విప్పలేదు.

చివరికి కూతురు అడిగేసింది.

"ఊరందరి బరువులూ మోసిన చేతులు కదమ్మా అవి. నా కూతురే బరువైందా? మగపిల్లాడైతే ఎత్తుకునేదానివేమో!"

"ఛ! ఏం మాటలే అవి?"

"మరింకేం అనుకోమంటావు? రేపు పొద్దున్నే వెళ్లిపోతాం."

కూతురు విసవిసా వెళ్లి సంచీలో బట్టలు కుక్కడం మొదలుపెట్టింది. మంచం మీద పిల్ల పాక్కుంటూ అంచుకి వచ్చేసింది. క్రేనమ్మ ఒక్క ఉరుకున వెళ్లి దాన్ని అందుకుంది, అందుకున్నది అందుకున్నట్టే నేల మీద కూలబడిపోయింది. మొహంలో నెత్తురు చుక్క లేదు. అంత బాధలోనూ పిల్లని మాత్రం వదల్లేదు.

"ఏమైందమ్మా?"

"కిందికి జారిపోతోందే" అంది క్రేనమ్మ. ఆపైన దాచడం ఆమె వల్ల కాలేదు. ఏడుస్తూ మొత్తం చెప్పేసింది. కూతురు సంచీ వదిలేసి అమ్మని కావిలించుకుంది.

మర్నాడు డాక్టరమ్మ పరీక్ష చేసి, చేతులు కడుక్కుని వచ్చి కూర్చుంది.

"గర్భసంచి, మూత్రసంచి లోపల వాటంతటవే నిలబడవమ్మా. అడుగున పరుపులా కండరాలుంటాయి. పైనుంచీ పక్కలనుంచీ గట్టి పట్టీల్లాంటివి వాటిని ఎముకలకి పట్టి ఉంచుతాయి. కాన్పుల్లో అవన్నీ సాగుతాయి. వయసుతో ఇంకాస్త పట్టు తప్పుతాయి. మీరేమో ఆ పైన ఏళ్ల తరబడి బరువులెత్తారు."

"అంటే అరకి కొట్టిన మేకులు వదులై, పైన సామాను జారిందన్నమాట."

డాక్టరమ్మ నవ్వింది. "మీకు చెప్పడం తేలికే. ఆపరేషను ఇప్పుడే అక్కర్లేదు. లోపల ఆసరాకి మెత్తటి రింగు పెడతాను. రోజూ మూత్రం ఆపుకున్నట్టుగా ఆ కండరాల్ని పైకి బిగించి వదులుతూ ఉండాలి. ఊపిరి మాత్రం బిగబట్టకండి. మీ అమ్మాయీ చేయాలి, తనకీ కాన్పయింది కదా."

"మనవరాలిని ఎత్తుకోవచ్చా?" క్రేనమ్మకి కావలసిందల్లా ఆ ఒక్క జవాబే.

"నేల మీంచి ఎత్తడం ప్రస్తుతానికి వద్దు. కూర్చుని ఒళ్లోకి తీసుకోండి. కండరాలు కాస్త గట్టిపడ్డాక చూద్దాం."

ఆ సాయంత్రం హాల్లో చాప పరిచి తల్లీకూతుళ్లు పక్కపక్కనే కూర్చున్నారు. కూతురే పిల్లని తెచ్చి అమ్మమ్మ ఒళ్లో పెట్టింది. పిల్ల అమ్మమ్మ ముక్కు పట్టుకుంది.

"బిగించావా?" అంది కూతురు.

"ఆఁ. నువ్వో?"

"నేనూ."

మొగుడు పేపర్లోంచి తలెత్తాడు. "ఏం చేస్తున్నారే, ఉలుకూ పలుకూ లేకుండా?"

"పని" అంది క్రేనమ్మ.

"ఏం పని? ఖాళీగానేగా కూర్చున్నారు!"

ఇద్దరికీ నవ్వాగలేదు. మళ్లీ మొదటినుంచీ మొదలుపెట్టాల్సి వచ్చింది. ఆయనకి ఆ నవ్వేమిటో ఈనాటికీ తెలియదు.

కూతురు వెళ్లిపోలేదు, ఇంకా కొన్నాళ్లు ఉంది. ఒక పొద్దున క్రేనమ్మ వంటింటి గుమ్మంలోకి వచ్చేసరికి పిల్ల చాప మీద ఆడుకుంటోంది. అమ్మమ్మని చూసింది. ఎప్పట్లా చేతులు చాచలేదు. తన పక్కన నేల మీద అరచేత్తో టపటపా కొట్టింది.

స్టవ్ మీద ఈసారి నిజంగానే పాలున్నాయి. క్రేనమ్మ స్టవ్ కట్టేసి వచ్చి కూర్చుంది.