చక్రం కదిలితేనే కూలి

ఆ రోజుల్లో మా గోదావరిఖని మీదుగా విమానం వెళ్తే, పొయ్యి మీద కూర మాడుతున్నా సరే, బయటికొచ్చి తలెత్తి చూసేవాళ్లం. దాన్ని నడిపేవాడికి జీతమెంతో ఎవరూ అడిగేవారు కాదు. దేవదూతల జీతం ఎవరైనా అడుగుతారా? అందుకే, నేను నర్సుగా పనిచేసే దవాఖానలో పెద్ద నర్సమ్మ ఒకనాడు నన్ను పక్కకు పిలిచి, "మా పెద్దోడు విమానం నడుపుతడు బిడ్డా, నిన్ను కోడలిగ తెచ్చుకోవాలని నా ఆశ" అనేసరికి నా చేతిలోని థర్మామీటరు కిందపడి పగిలింది. (పాదరసం ఏరడానికి ఆమె కూడా నాతోపాటు వంగింది. అత్తగారు నాకు ఆ క్షణంలోనే నచ్చేసింది.) తల్లిని చూడటానికి దవాఖానకు వచ్చినప్పుడు ఆ అబ్బాయిని నేను రెండుమూడుసార్లు చూశాను. చూడనట్టు నటిస్తూ చాలా శ్రద్ధగా చూశాను.

బాపుకు మాత్రం ఈ సంబంధం మింగుడు పడలేదు. బాయిలో, అంటే గనిలో, పట్టాల మీద నడిచే టబ్బుల్లో బొగ్గు నింపే పని ఆయనది. ఎన్ని టబ్బులు నింపితే అంత కూలి. "విమానం నడిపేటోడు దొర లెక్క ఉంటడు. రేపు నేను నిన్ను చూడనీకి వస్తే నా బొగ్గు గోర్లు చూసి ఎనుక దర్వాజకెల్లి రమ్మంటడు. గసుంటి ఇంటికి నిన్నియ్య" అని తేల్చేశాడు. నేను అన్నం మానేసి నిరసన తెలుపుదామనుకున్నాను. కానీ ఆ పూట అమ్మ చేపల పులుసు చేసింది, నా నిరసన వాయిదా పడింది. చివరికి మా చర్చి అయ్యగారు వచ్చి, "ఒక్కసారి పిలగాన్ని చూసి, అప్పుడు వద్దను" అని బతిమాలితే బాపు సరేనన్నాడు.

ఆదివారం ఆరాధన అయ్యాక అతను మా క్వార్టరుకు వచ్చాడు. వరండాలో బాపు పక్కన ఆయన జోడీ పనివాడు టోపీ కాక కూర్చున్నాడు. (పెళ్లిళ్లకు కూడా బాయి టోపీ తీయకుండా వచ్చేవాడు కనుక ఆ పేరు.) నేను చాయ్ పళ్లెంతో తలుపు వెనక నిలబడ్డాను. బాపు గోడవైపు చూస్తున్నాడు. మాట కలపాలి కదా అని టోపీ కాక, తనకు తెలిసిన ఒకే ఒక్క ప్రశ్న అడిగాడు.

"నెల జీతమా బాబూ, చేసినంత కూలా?"

"కొంత నెల జీతం కాకా. తక్కింది ఎగిరిన గంటల లెక్క."

బాపు మొదటిసారి ఇటు తిరిగాడు. "గంటల లెక్కనా? మరి గంట ఏడికెల్లి మొదలైతది?"

"చక్రాల కింద అడ్డం పెట్టిన చెక్కలు తీసి, బండి కదిలినకాడికెల్లి. మల్ల దిగి చెక్కలు పెట్టేదాక."

"మా టబ్బుకు పెట్టినట్టే" అన్నాడు కాక ఆశ్చర్యంగా.

"మంచు పడి ఎగరకుంటే?" అన్నాడు బాపు.

"ఆ పైసలు రావు."

"డ్రెస్సేసుకొని పొద్దంత ఆడనే కూసున్నా?"

"కూసున్నా రావు మామా."

మామా! అప్పుడే వరస కలిపేశాడు! బాపు అది గమనించనే లేదు. ఆయన ముఖంలో కోపం కనిపించింది, కానీ అది అబ్బాయి మీద కాదు. "టబ్బులు రాక ఊకె కూసుంటె మాకు గూడ ఇంత కూలి కట్టిస్తరు. కొట్లాడి తెచ్చుకున్నం. ఇంత సదువుకున్నోనివి, నీకది గూడ లేదా?" టోపీ కాక టోపీ తీసేశాడు. నేనాయన బట్టతల చూడటం అదే మొదలు. "గిదేం అన్యాయం! మీకు యూనియన్ లేదా? కూసున్న కూలి అడుగుండ్రి!" అని అబ్బాయి భుజం తట్టాడు. ఇద్దరూ అతన్ని మా దవాఖానకు కొత్తగా వచ్చిన రోగిని చూసినట్టు జాలిగా చూశారు. అప్పుడు బాపు లోపలికి కేకేశాడు. "బిడ్డా, జల్ది చాయ్ తే! ఈడు దొర కాదు, మనోడే. చక్రం కదిలితెనే కూలి."

నా పెళ్లి అలా కుదిరింది.

ఆ తర్వాత ఎప్పుడు కలిసినా బాపు అల్లుణ్ణి అడిగే మొదటి మాట "కూసున్న కూలి వచ్చిందా?" అనే. మా ఆయన మొదట్లో నవ్వేవాడు. తర్వాత ఆలోచించాడు. ఆపైన తమ సంఘం మీటింగుల్లో లేచి అదే మాట తన భాషలో అడగడం మొదలుపెట్టాడు. కొన్నేళ్లకు, ఎగిరినా ఎగరకపోయినా నెలకు కనీసం ఇన్ని గంటల పైసలు ఇస్తామని కంపెనీవాళ్లు ఒప్పుకున్నారు. చలికాలపు మంచులో విమానాలు ఆగిపోయిన నెలల్లో కూడా మా పిల్లలు పాలు తాగారంటే, అది బాయిలో బొగ్గు నింపే మనిషి మా వరండాలో అడిగిన ప్రశ్న చలవే. ఆ రుణం నేనెప్పుడూ మరిచిపోలేదు.

బాపు జీవితంలో ఒకే ఒక్కసారి విమానం ఎక్కాడు. నడిపేది అల్లుడే, పక్కన నేను. మబ్బులు కమ్మి విమానం కదలలేదు. అందరూ గడియారాలు చూసుకుంటూ విసుక్కుంటుంటే బాపు విమానం పిల్లను పిలిచి, అందరికీ వినపడేలా అడిగాడు. "బిడ్డా, చక్రం కదల్లే గద. మరి మా అల్లునికి పైసలు పడుతున్నయా?"

నేను చీర కొంగుతో ముఖం కప్పుకున్నాను. ఆ పిల్ల నవ్వుకుంటూ ముందుకు వెళ్లింది. కాసేపటికి మైకులో మా ఆయన గొంతు వినిపించింది. "మామా, ఫికర్ చెయ్యకు. కూసున్న కూలి పడుతున్నది."

బాపు తృప్తిగా వెనక్కి వాలి కళ్లు మూసుకున్నాడు.

ఇప్పుడు బాపు లేడు. మా ఆయన రిటైరై ఇంట్లో కూర్చున్నాడు (ఇప్పుడు నిజంగానే కూసున్న కూలి, పెన్షను రూపంలో). విమానం ఆలస్యమైతే అందరూ గడియారం చూస్తారు, నేను కిటికీలోంచి చక్రం కనిపిస్తుందేమోనని వంగి చూస్తాను. ఆనాడు కొంగు చాటున దాక్కున్న నన్ను నేను తలచుకుంటే నవ్వొస్తుంది. ఇప్పుడైతే కొంగు తీసి, లేచి నిలబడి, "ఈయన మా బాపు" అని అందరికీ చెప్పేదాన్ని.