ఎండలో అచ్చేసిన అమ్మమ్మ

సూర్యాపేటలో మా కిరాణా కొట్టు నేర్పిన మొదటి విద్య ఒకటే. అడిగిన దానికి జతగా ఇంకోటి అంటగట్టడం. అగ్గిపెట్టెకొచ్చినోడికి అగరొత్తులు. అందుకే ఎవరైనా నాకు రెండో వస్తువు చూపిస్తే చెయ్యి జేబులోంచి బయటికి రాదు.

మిర్యాలగూడలో మా పెద్దమ్మ పెట్టెలో ఒక గాజుపలక ఉంది. ఎప్పుడో స్టూడియోలో దింపిన అమ్మమ్మ ఫోటోకు మిగిలింది అదొక్కటే. నెగెటివ్ కాబట్టి అందులో ముఖం నలుపు, జుట్టు తెలుపు. మా అమ్మ పుట్టిన నెలకే అమ్మమ్మ పోయింది. అప్పటికి పెద్దమ్మకు రెండేళ్లు. తల్లి ముఖం ఎట్లుంటదో ఆమెకు తెలియదు.

"ఫోన్ల రంగులు తిప్పి చూపిస్త" అన్నాను.

"ఫోను నీతోనే పోతది బిడ్డా. నాకు చేతుల వట్టుకునేది గావాలె."

స్టూడియోకిస్తే అయిపోయే పని. కానీ ఫోటో పుట్టిన కొత్తలో కాగితానికి ఉప్పునీళ్లు, వెండి మందు పూసి ఎండలోనే బొమ్మ తీసేవాళ్లని చదివి ఉన్నాను. చేసి చూడాలని పురుగు తొలిచింది.

కోదాడలో కాలేజీ ల్యాబులకు సామాను అమ్మే ఆయన, వెండి మందు పక్కన ఒక పొట్లం కూడా పెట్టాడు.

"ఇది హైపో అండీ. బొమ్మ వచ్చాక దీంతో కడగాలి. లేకపోతే నిలవదు."

"మేము గూడ కొట్లోళ్లమే అన్నా" అని నవ్వి పొట్లాన్ని వెనక్కి నెట్టాను. దారి పొడవునా నా తెలివికి నేనే మురిశాను.

మర్నాడు పెద్దమ్మ ఇంట్లో చీకటి గదిలో కాగితానికి మందు పూసి ఆరబెట్టి, పైన గాజుపలక పెట్టి డాబా మీద ఎండలో ఉంచాను. పెద్దమ్మ అప్పడాలకు కాపలా కాసినట్టు పక్కనే కూర్చుంది. అరగంటకు పలక తీస్తే గోధుమరంగులో ఒక ముఖం. కళ్లు, ముక్కు, చెవికి కమ్మ.

"గింత పిల్లనా మా అమ్మ!" అన్నది, డెబ్బై దాటిన ఆ మనిషి.

చూపు ఆనదు కనుక కాగితాన్ని ఎండకు ఎత్తి పట్టుకుంది. చూస్తుండగానే అమ్మమ్మ బుగ్గలు ముదురు రంగుకు తిరిగాయి. ఎండ ఇంకా పని ఆపలేదు. కోదాడ ఆయన నిజమే చెప్పాడు. గబుక్కున ఎండకు అడ్డం నిలబడ్డాను.

"పెద్దమ్మా, లోపలికి పోదాం. నల్లబడుతున్నది."

"లోపటికి వోతె నాకేం గనవడ్తది?" కాగితం మీంచి కళ్లు తీయకుండానే మోచేత్తో నన్ను నెట్టింది. "జరుగు. వెలుతురుకు అడ్డం నిలవడకు. గదువ కాడ మచ్చున్నట్టుంది, సూస్కోనీ."

జరిగాను.